మేస్త్రి చదువు: తెలుగునాట కట్టడపు పనివారి శిక్షణ చరిత్ర

హిమాయత్‌నగర్‌లో నేను నివసించే వీధిలో ఒక పాత మిద్దె ఇంటిని కూల్చి, దాని స్థానంలో అయిదంతస్తుల భవనం కడుతున్నారు. ఉదయం కళాశాలకు పోయేటప్పుడు అక్కడ కాసేపు నిలబడి చూడడం నాకు అలవాటయినది. ఒకనాడు తాపీ మేస్త్రి, అతని సహాయకుడు నీళ్లు నింపిన సన్నని గాజువంటి గొట్టాన్ని చెరొక కొస పట్టుకొని, దూరంగా ఉన్న రెండు స్తంభాల మీద ఒకే మట్టానికి గీతలు గీస్తున్నారు. గొట్టం వంకరలు తిరుగుతూ ఇసుక కుప్ప మీదుగా పోతున్నది. అయినా రెండు కొసలలోని నీరు ఒకే ఎత్తున నిలిచినది. గీత గీయడానికి ముందు మేస్త్రి గొట్టాన్ని వేలితో రెండు మూడుసార్లు కొట్టి, లోపల చిక్కిన గాలిబుడగను బయటికి పంపాడు.

ఒకదానితో ఒకటి కలిసిన పాత్రలలో ద్రవం ఒకే మట్టంలో నిలుస్తుందనే సూత్రాన్ని నేను ఏటేటా తరగతిలో బోధిస్తాను. మధ్యలో గాలిబుడగ ఉంటే ఆ సూత్రం వర్తించదని కూడా చెబుతాను. ఈ మేస్త్రికి సూత్రం పేరు తెలియదు. కాని బుడగ ఉంటే మట్టం తప్పుతుందని తెలుసు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. “మా మేనమామ దగ్గర సార్. ఇరవై అయిదేండ్లయితున్నది” అన్నాడు. ఇక ముందు ఏమవుతావని అడిగితే నవ్వి, “మేస్త్రి అయినంక ఇంకేముంటది సార్?” అని తన పనిలో పడ్డాడు.

ఆ ప్రశ్నకు నా వద్ద వెంటనే జవాబు లేకపోయినది. మన ఇళ్లు, ఆనకట్టలు, వంతెనలు కట్టే చేతులు ఆ పనిని ఎట్లా నేర్చుకుంటూ వచ్చినవి? నేర్చుకున్నవారు ఎంతవరకు పైకి రాగలిగారు? ఈ రెండు ప్రశ్నలకు మన ప్రాంత చరిత్రలో దొరికే సమాధానాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పని స్థలమే పాఠశాల

పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో ఇది ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాకెక్కినది. దేవాలయాలకు సాధారణంగా దేవుని పేరో, కట్టించిన ప్రభువు పేరో నిలుస్తుంది. ఇక్కడ శిల్పి పేరే గుడికి వచ్చినదని పరంపరగా చెప్పుకొంటారు. ఈ గుడి పునాదిలో గట్టిగా కూరిన ఇసుక ఉన్నది. శిఖరానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. కింద బరువు సర్దుకునేటట్లు, పైన బరువు తగ్గేటట్లు చూసుకున్న ఈ నేర్పు ఏ కళాశాలలోను చెప్పినది కాదు. తండ్రి నుంచి కొడుకుకు, గురువు నుంచి శిష్యునికి పని స్థలంలోనే అందినది.

ఇటువంటి శిక్షణకు ఒక క్రమమున్నది. కుర్రవాడు మొదట మాలు కలుపుతాడు, ఇటుకలు అందిస్తాడు. తరువాత పెద్దవాని పక్కన నిలబడి లోపలి గోడ కడతాడు. చెయ్యి తిరిగిన తరువాత మూల కట్టనిస్తారు. గుండు వేలాడదీసి గోడ నిలువు చూడడం, రసమట్టంతో అడ్డం చూడడం, మూలమట్టంతో కోణం చూడడం ఒకటొకటిగా పట్టుబడతాయి. పునాది గీసేటప్పుడు ఒక వైపు మూడు మూరలు, రెండవ వైపు నాలుగు మూరలు కొలిచి, ఆ కొసల నడుమ అయిదు మూరలు వచ్చినదా లేదా అని చూసే మేస్త్రి లంబకోణ త్రిభుజ సిద్ధాంతాన్ని నేలమీద నిరూపిస్తున్నాడన్న మాట.

ఈ విద్యకు తనదైన భాష కూడ ఏర్పడినది. తాపీ, పరంజా, దర్జు, గిలాబు వంటి మాటలు పుస్తకాల నుంచి పనివారికి వచ్చినవి కావు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వెలువడినది. ఆ వరుసలోనే తరువాత గృహనిర్మాణ పదాలకు కూడ ఒక సంపుటం వచ్చినది. వృత్తులవారి మాటలను సేకరించడమంటే వారి విద్యను గుర్తించడమే గదా!

పని స్థలమే పాఠశాల కావడానికి ఆనాటి పదార్థాలు కూడ అనుకూలించినవి. సున్నపురాయిని బట్టీలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు వెలికిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోసి చల్లార్చి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరితే మాలు తయారవుతుంది. గోడలో చేరిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి పీల్చుకొని మరల రాయివలె గట్టిపడుతుంది. మాలు సరిగా నలిగినదో లేదో వేళ్లమధ్య పెట్టి చూస్తే తెలుస్తుంది. గోడ వంగితే గుండు చెబుతుంది. రాయి పగులు సుత్తి దెబ్బ ధ్వనిలో వినబడుతుంది. తప్పు కంటికో, చెవికో, చేతికో అప్పటికప్పుడు తెలిసే పనిలో, ఆ పనియే గురువు కాగలదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి; తరువాతి కథకు ఇదే కీలకం.

రెండు నిచ్చెనలు

1794లో మద్రాసులో మైఖేల్ టాపింగ్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు, సర్వేయరు ఒక సర్వే పాఠశాల ప్రారంభించాడు. మొదట చేరినవారు ఎనిమిది మంది బాలురు. టాపింగ్‌కు తెలుగునేలతో దగ్గరి సంబంధమున్నది. కృష్ణా గోదావరి నదుల డెల్టాలను కొలిచినవారిలో అతడొకడు. 1796లో మచిలీపట్నంలో జ్వరంతో మరణించాడు. అతడు నాటిన చిన్న పాఠశాల 1858లో సివిలు ఇంజనీరింగు పాఠశాలగా, మరుసటి ఏడు కళాశాలగా మారి, 1920లో గిండీకి తరలి, నేటికి ప్రసిద్ధ విద్యాసంస్థగా నిలిచి ఉన్నది.

ఉత్తర భారతంలో గంగా కాలువ పనులకు మనుష్యులు కావలసి 1847లో రూర్కీలో ఇంజనీరింగు కళాశాల పెట్టారు. అక్కడి ఏర్పాటు గమనించదగినది. ఇంజనీర్లకు ఒక తరగతి, పర్యవేక్షకులకు మరొక తరగతి, దిగువ ఉద్యోగులు కాదలచిన భారతీయ యువకులకు ఉర్దూలో బోధించే ఇంకొక తరగతి. మెట్లు ఉన్నవి, కాని ఏ మెట్టు మీద చేరినవాడు సామాన్యంగా ఆ మెట్టు చుట్టే తిరిగేవాడు. రాయి చెక్కేవానికి, గోడ కట్టేవానికి వీటిలో దేనిలోను చోటు లేదు.

అదే 1847లో ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్ట పని మొదలుపెట్టాడు. పదివేలమంది కూలీలు, 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మరులు ఆ పనికి కూడారు. దవ్లేశ్వరపు కొండ రాయిని పట్టాల మీద తెచ్చి, నదిలోని లంకల మధ్య నాలుగు భాగాలుగా సుమారు 12,000 అడుగుల పొడవున ఆనకట్ట వేశారు. 1852 నాటికి పని పూర్తయినది. అంత పెద్ద పనిని నడపడానికి చదువుకున్న ఇంజనీర్లు కొద్దిమందే. గోదావరి వరద ఏటా వచ్చి, కట్టినదానిని పరీక్షించి పోయేది. తెగినచోట మరల కట్టడంలోనే పనివారికి, పై అధికారులకు కూడ శిక్షణ జరిగినది.

ఈ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన తెలుగువాడు వీణం వీరన్న. పనివారిని సమకూర్చి, వారిచేత పని జరిపించడంలో ఆయన చూపిన దక్షతను ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదుతో గౌరవించినది. ధవళేశ్వరంలో ఆయన పేరిట ఫలకం కూడ ఉన్నది. ఒక భారతీయ పర్యవేక్షకుని పేరు అట్లా నిలవడం ఆ కాలంలో అరుదు. పని తెలిసినవానికి దారి ఇస్తే ఎంత ఎదగగలడో వీరన్న జీవితం చూపుతున్నది. కాని ఆయనను పైకి తెచ్చినది ఒక పద్ధతి కాదు; ఆయన ప్రజ్ఞ, దానిని గుర్తించిన ఒక అధికారి. మిగిలిన పదివేలమందిలో ఎందరు వీరన్నలుండిరో చెప్పగలవారు లేరు.

ఈ విధంగా పందొమ్మిదవ శతాబ్దిలో మన దేశంలో రెండు నిచ్చెనలు ఏర్పడినవి. ఒకటి అక్షరాల నిచ్చెన: పాఠశాల, పరీక్ష, పట్టా, ఉద్యోగం, పదోన్నతి. రెండవది చేతి నిచ్చెన: కూలీ, సహాయకుడు, మేస్త్రి, అదృష్టముంటే చిన్న గుత్తేదారు. మొదటి నిచ్చెన ఎక్కినవానికి తాపీ పట్టవలసిన అవసరం లేదు. రెండవది ఎక్కినవానికి నక్షా గీయడం నేర్పేవారు లేరు. రెండు నిచ్చెనలు ఒకే గోడకు ఆనించి ఉన్నా, ఒకదాని నుంచి మరొకదానికి అడ్డకర్ర మాత్రం వేయలేదు.

హైదరాబాదు అనుభవం

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. వేలాదిమంది మరణించారు. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు నగరానికి వచ్చి, వరదను ఎగువనే ఆపే జలాశయాలు కట్టవలసినదని సలహా ఇచ్చారు. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయినవి.

ఈ యుగపు ఇంజనీర్లలో అగ్రగణ్యుడు నవాబు అలీ నవాజ్ జంగ్. 1877లో జన్మించిన ఈయన చదివినది మన ఆబిడ్స్ ప్రాంతపు సెయింట్ జార్జి గ్రామరు స్కూలులో, నిజాం కళాశాలలో. ఆపైన ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు వెళ్లారు. తిరిగి వచ్చి నిజాం రాష్ట్రపు ప్రజాపనుల శాఖలో సహాయక ఇంజనీరుగా చేరి, ప్రధాన ఇంజనీరు పదవికి ఎదిగారు. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన కీర్తికి సాక్ష్యం. మొదటి నిచ్చెన సక్రమంగా పనిచేస్తే ఎంత మేలు జరుగుతుందో దీనివల్ల తెలుస్తున్నది.

అయితే ఆ నిచ్చెన అడుగుమెట్టు ఎక్కడానికి సముద్రం దాటవలసి వచ్చేది. 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కళాశాల ప్రారంభం కావడంతో ఈ దూరం తగ్గినది. ఆ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్యను ఉర్దూలో బోధించేవారు. సాంకేతిక విద్యను దేశభాషలో చెప్పడం సాధ్యమని ఆ ప్రయత్నం రుజువు చేసినది. కాని ఆ ఉర్దూ కూడ జలాశయాలకు మట్టి మోసిన పల్లెవాసి మాట్లాడే తెలుగు కాదు. కళాశాల దగ్గరికి వచ్చినది. పని స్థలం మాత్రం ఇంకా దూరంగానే ఉన్నది.

సాగరం కట్టిన చేతులు

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. కృష్ణాజిల్లా కంకిపాడులో పుట్టి, గిండీ కళాశాలలో చదివి, బర్మింగుహాములో పరిశోధన చేసిన కానూరి లక్ష్మణరావు గారు దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించారు. చిన్నతనంలోనే ఒక కన్ను చూపు పోయినా ఆయన చదువు ఆగలేదు. తరువాతి కాలంలో కేంద్రమంత్రి కూడ అయ్యారు.

ఆ రోజులలో సిమెంటుకు, యంత్రాలకు, వాటిని కొనే విదేశీ ద్రవ్యానికి కరవుగా ఉండేది. మనుష్యులకు మాత్రం కరవు లేదు. రాతిపనిలో తరతరాల నేర్పు ఉన్నవారు పల్లెపల్లెకు ఉన్నారు. అందువల్ల నది మధ్యభాగంలోని ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టుగా నిర్మించడానికి నిశ్చయించారు. 124 మీటర్ల ఎత్తుకు రాయి, మాలు తట్టలతో మోసి లేపిన కట్టడమిది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు.

యువ ఇంజనీర్లకు సాగరం గొప్ప శిక్షణాలయమయినది. అక్కడ పని నేర్చినవారు ఆపైన ఇతర పథకాలలో ఉన్నత పదవులందుకున్నారు. మరి రాయి మోసినవారు? పాలమూరు జిల్లా నుంచి, ఇతర మెట్ట ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు గుంపులుగా పనిచేసేవారు. గుంపు మేస్త్రి ఊరిలో ముందుగా బయానా ఇచ్చి మనుష్యులను కుదుర్చుకొని వచ్చేవాడు. ఒక ఆనకట్ట పూర్తయితే మరొక ఆనకట్టకు. శ్రీశైలం, పోచంపాడు పథకాలకు 1963లో పునాదులు పడినవి. పాలమూరు కూలీలు మన రాష్ట్రంలోనే కాక దేశంలో అనేక ఆనకట్టల వద్ద మట్టి, రాతి పనులు చేశారు. వారి నేర్పు దేశమంతటికీ తెలిసినది. కాని ఒక ఆనకట్ట మీద పదేళ్లు పనిచేసినవాడు రెండవదానికి వెళ్లినప్పుడు మరల కూలీగానే చేరేవాడు. వాని అనుభవానికి సాక్ష్యంగా ఒక్క కాగితమైనా చేతిలో ఉండేది కాదు. గుంపులో పైకి రావాలంటే పనిలో నేర్పు పెరిగితే చాలదు. ఎక్కువమందిని కుదిర్చి తేగలవాడే మేస్త్రి. అంటే ఆ నిచ్చెన నేర్పుకు కాక, బయానా ఇచ్చే శక్తికి ఆనించి ఉన్నదన్న మాట.

కంటికి కనబడని బలం

సాగరం రాతితో లేస్తున్న కాలంలోనే నగరాలలో ఇళ్లు ఇనుప చువ్వల కాంక్రీటు దారి పట్టినవి. ఈ మార్పు మేస్త్రి చదువును ఎంతగా తారుమారు చేసినదో చాలమంది గమనించలేదు.

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని సామాన్యంగా అనుకొంటారు. ఇది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనికంగా సంయోగం చెంది గట్టిపడుతుంది. అందుకే పోసిన తరువాత కనీసం వారం రోజులు తడిపి ఉంచాలి. ఈ సంయోగానికి కావలసిన నీరు చాల కొద్ది. అంతకుమించి పోసిన నీరు తన పని లేక, కాలక్రమాన ఆవిరయిపోయి, లోపల సన్నని రంధ్రాలను మిగుల్చుతుంది. నీటికి సిమెంటుకు గల నిష్పత్తి పెరిగినకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లో ప్రకటించాడు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు పోయవలసిన చోట 35 లీటర్లు పోస్తే, బలం మూడవ వంతు వరకు తగ్గిపోవచ్చు. మన దేశంలో కాంక్రీటు పనికి ప్రమాణ నియమావళి 1953లో వెలువడి, పలుమారులు సవరణ పొందినది. అందులో నీటికి హద్దులు స్పష్టంగా ఉన్నవి.

మా వీధి భవనంలో స్లాబు వేస్తున్న నాడు కాంక్రీటు కలిపే కుర్రవాడు మగ్గుతో అదనంగా నీళ్లు పోస్తున్నాడు. ఎందుకని అడిగాను. “గట్టిగుంటే పారదు సార్, నీళ్లు పోస్తేనే జారుతది” అన్నాడు. అతడు చెప్పినది నిజమే. నీరెక్కువయితే కాంక్రీటు సులభంగా జారుతుంది, మూలలకు పోతుంది, పైభాగం నున్నగా వస్తుంది. చూపరులకు అది మంచి పనిగానే కనబడుతుంది. పోయిన బలం మాత్రం ఎవరికీ కనబడదు. 28 రోజుల తరువాత ప్రయోగశాలలో దిమ్మను పగులగొట్టి చూస్తే తప్ప తెలియదు.

మరొక ఉదాహరణ. రెండు గోడల మీద ఆనిన స్లాబు బరువుకు కిందికి వంగుతుంది. అప్పుడు దాని అడుగుభాగం సాగుతుంది, పైభాగం నొక్కుకొనిపోతుంది. కాంక్రీటు నొక్కుడును తట్టుకొంటుంది గాని సాగుడును తట్టుకోలేదు. కనుక చువ్వలు అడుగున వేస్తారు. గోడ నుంచి ఒక వైపే బయటికి చాచిన సజ్జా విషయం దీనికి విరుద్ధం. దాని కొస కిందికి వంగితే సాగేది పైభాగం. అక్కడ చువ్వలు పైన ఉండాలి. చువ్వలు ఎప్పుడూ అడుగుననే వేయాలని చూసి నేర్చుకున్న యువకుడు సజ్జాలోను అట్లాగే వేస్తే, లేదా సరిగా కట్టిన చువ్వలను పోతపని చేసేవారు తొక్కి అడుగుకు దింపితే, సెంట్రింగు తీసిన నాడే ప్రమాదం జరగవచ్చు.

చువ్వల చుట్టూ తగినంత కాంక్రీటు లేకపోయినా అంతే. తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుముకంటె ఎక్కువ చోటు కావాలి. అది లోపలి నుంచి కాంక్రీటును పగులగొడుతుంది. ఈ పగుళ్లు పదేళ్లకో పదిహేనేళ్లకో బయటపడతాయి. అప్పటికి ఆ పనివాడు ఎక్కడో మరొక ఊరిలో, అదే విధంగా, అదే పని చేస్తూ ఉంటాడు. తన తప్పును చూసే అవకాశమే అతనికి రాదు.

సున్నం, రాయి పనివానికి అప్పటికప్పుడు పాఠం చెప్పేవి. కాంక్రీటు తన పాఠాన్ని ఏళ్ల తరువాత, అది కూడ ఇంటిలో ఉన్నవారికి చెబుతుంది. అందుచేత చూసి నేర్చుకోవడం మాత్రమే ఇక చాలదు. ‘ఎందుకు’ అని వివరించి చెప్పే శిక్షణ తప్పనిసరి అయినది. ఇది పనివాని తెలివికి తక్కువ కట్టడం కాదు. పదార్థం మారినది కనుక బడి కూడ మారవలసి ఉన్నదని మాత్రమే దీని భావం.

కొత్త మెట్లు

స్వాతంత్ర్యానంతరం ఈ దిశలో కొన్ని ప్రయత్నాలు జరిగినవి. 1950లో చేతిపనుల శిక్షణ పథకం కింద పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అనగా మనం ఐ.టి.ఐ.లని పిలిచేవి, ఆరంభమయినవి. నాంపల్లికి సమీపాన మల్లేపల్లిలో ఉన్నది అటువంటిదే. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చినది. అయితే ఐ.టి.ఐ.లో చేరడానికి కొంత చదువు కావాలి. నెలల తరబడి కూలి మానుకొని తరగతిలో కూర్చోవాలి. రోజు కూలితో ఇల్లు గడిచే మేస్త్రికి ఇది అందని పండు.

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, దానితోపాటు కట్టడాల వ్యయంపై సుంకం విధించి కార్మికుల సంక్షేమానికి వెచ్చించే చట్టం వచ్చినవి. 1998లో హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ న్యాక్ అని పిలిచేది, ఏర్పడినది. ప్రభుత్వము, నిర్మాణదారులు కలిసి నెలకొల్పిన ఈ సంస్థ మాదాపూరు ప్రాంతంలో ఉన్నది. తాపీపని, చువ్వలు వంచి కట్టడం, సెంట్రింగు, గొట్టాలపని, విద్యుత్తుపని వంటి వాటిలో నిరుద్యోగ యువకులకు శిక్షణ ఇస్తుంది. పనిలో ఉన్నవారికి పని స్థలంలోనే స్వల్పకాల శిక్షణ ఇచ్చే పద్ధతి కూడ చేపట్టినది. ప్రభుత్వ శాఖలలో కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఇదే సంస్థ శిక్షణ ఇచ్చినది. తాపీ పట్టేవారు, నక్షా పట్టేవారు ఒకే ఆవరణలో నేర్చుకోవడం మన చరిత్రలో చిన్న విషయం కాదు.

ఇంకొక ముఖ్యమైన మార్పు ‘పూర్వాభ్యాస గుర్తింపు’. పని స్థలంలో నేర్చుకున్నవానిని మరల మొదటి నుంచి చదివించకుండా, అతని నేర్పును పరీక్షించి, కొద్దిపాటి లోపాలు దిద్ది, ధ్రువపత్రం ఇవ్వడమే ఇందులోని ఆలోచన. నైపుణ్యాలను మెట్లుగా అమర్చే జాతీయ చట్రాన్ని 2013లో ప్రకటించారు. 2015లో మొదలయిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఈ గుర్తింపుకు చోటు కల్పించారు.

అక్షరాల నిచ్చెన మీద కూడ కొన్ని అడ్డకర్రలు పడినవి. మన తెలుగు రాష్ట్రాలలో ఐ.టి.ఐ. పూర్తి చేసినవారు ప్రవేశపరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలో చేరే వీలున్నది. డిప్లొమా వారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో ప్రవేశించవచ్చు. ఈ దారి తెలియక పదవ తరగతితోనే పనిలో దిగిపోయే పిల్లలు ఎందరో ఉన్నారు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చెప్పడం అవసరం.

జర్మనీ అనుభవం ఇక్కడ పరిశీలించదగినది. అక్కడ వృత్తి నేర్చే యువకుడు కొన్ని రోజులు పని స్థలంలోను, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలోను గడుపుతాడు. ఆపైన అనుభవం గడించి ‘మైస్టర్’ పరీక్ష ఇస్తాడు. మైస్టర్‌కు సొంత సంస్థ నడపడానికి, ఇతరులకు శిక్షణ ఇవ్వడానికి అర్హత ఉంటుంది. 2009 నుంచి మైస్టర్ అర్హత కలవారికి విశ్వవిద్యాలయాల తలుపులు కూడ తెరచుకున్నవి. మన ‘మేస్త్రి’ పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. జర్మనుల ‘మైస్టర్’తో దీనికి లాటిను మూలం ఒకటే. మూలం ఒకటైనా, ఆ మాటకు అక్కడున్న ఎత్తు ఇక్కడ లేదు.

మిగిలిన పని

ఇన్ని ఏర్పాట్లు జరిగినా, తెల్లవారగానే నగరంలోని ఏ కూలీల అడ్డా వద్ద నిలబడి చూసినా ధ్రువపత్రం అడిగేవారు కనబడరు. మేస్త్రికి ఒక ధర, సహాయకునికి ఒక ధర; అంతే. శిక్షణ పొందినవానికి, పొందనివానికి కూలిలో తేడా లేకపోతే, నాలుగు రోజుల కూలి పోగొట్టుకొని శిక్షణకు ఎవరు వస్తారు? శిక్షణ పెరిగినకొద్దీ జీతం, బాధ్యత, హోదా పెరగాలి. ఆ భరోసా లేని శిక్షణ అటక మీద పెట్టిన నిచ్చెన వంటిది.

స్త్రీల సంగతి మరీ విచారకరం. ఏ కట్టడం వద్ద చూసినా సగం బరువు వారి తలమీదనే ఉంటుంది. తట్ట మోసే స్త్రీ ఇరవై ఏళ్ల తరువాత కూడ తట్టనే మోస్తూ ఉంటుంది. ఆమె పక్కన పనిలో చేరిన పురుషుడు ఈలోగా మేస్త్రి అవుతాడు. తాపీ బరువు తట్ట బరువులో ఎన్నో వంతు కూడ ఉండదు. కనుక ఇది శక్తికి సంబంధించిన విషయం కాదు. నేర్పేవారు లేకపోవడమే కారణం.

రామప్ప శిల్పులకు ఆ పనియే నేర్పినది. ధవళేశ్వరంలో ఒక వీరన్నను ఒక అధికారి గుర్తించాడు. సాగరంలో అనేకమంది నేర్చుకున్నారు. కాని వారి నేర్పు ఎక్కడా నమోదు కాలేదు. ఈనాడు నేర్పే సంస్థలున్నవి, గుర్తించే పద్ధతి ఉన్నది. పని స్థలానికి, ఆ సంస్థకు మధ్య ఉన్న నాలుగు మైళ్ల దూరమే ఇంకా మిగిలి ఉన్నది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పాఠశాల ఆవరణలో గోడ కడుతున్నప్పుడు విద్యార్థులను అక్కడికి తీసుకొని వెళ్లండి. గుండు, నీటిగొట్టం, మూలమట్టం వెనుక ఉన్న సూత్రాలను వారిచేతనే చెప్పించండి. ఆ మేస్త్రిని నాలుగు మాటలు చెప్పవలసినదిగా కోరండి. తరగతిలో మేస్త్రి కుమారుడో, కుమార్తెయో తప్పక ఉంటారు. తన తండ్రి చేతిలోని విద్య భౌతికశాస్త్రమేనని ఆ పిల్లవానికి తెలియడం ఒక మెట్టు.

మా వీధి మేస్త్రికి నేను జవాబు బాకీ ఉన్నాను. కిందటి ఆదివారం అతనికి పూర్వాభ్యాస గుర్తింపు సంగతి, అతని కుమారునికి పాలిటెక్నిక్ దారి సంగతి చెప్పాను. అతడు శ్రద్ధగా విని, “కాయితమిస్తే కూలి పెరుగుతదా సార్?” అని అడిగాడు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవాడను నేనొక్కడినే కాదు. ఇల్లు కట్టించే ప్రతివాడూ, ప్రభుత్వమూ, గుత్తేదారులూ కలిసి చెప్పవలసి ఉన్నది.